న్యాయవాదవృత్తియందు వికలాంగులు

డిసెంబరు 3వ తేదీకి మనదేశమున రెండు విశేషములు గలవు. 1884లో ఆనాడు బాబూ రాజేంద్రప్రసాదుగారు జన్మించిరి గావున న్యాయవాదులు దానిని తమ దినముగా జరుపుకొనుచున్నారు. ఐక్యరాజ్యసమితి 1992లో ఆ తేదీనే అంతర్జాతీయ వికలాంగుల దినముగా నిర్ణయించినది. ఒకే పట్టణమున ఒకే దినమున బారు అసోసియేషను మందిరములో పూలమాలలును ఉపన్యాసములును, మరియొక వేదికమీద మూడుచక్రముల బండ్ల పంపకమును జరుగుట పరిపాటియైనది. ఈ రెండు సభలకును పరస్పర పరిచయము లేదు. న్యాయవాదియు వికలాంగుడును ఒక్క మనుష్యుడే కావచ్చునను సంగతి రెంటిలో దేనికిని స్ఫురించినట్లు తోచదు. ఈ విస్మృతివలన నష్టపోవుచున్నవారిని గూర్చి నేడు పాఠకులతో ముచ్చటింపదలచినాము.

2011 జనగణన ప్రకారము మనదేశమున వికలాంగుల సంఖ్య 2 కోట్ల 68 లక్షలు. వారికొరకు చట్టములు లేకపోలేదు. 1995లో నొకటియు, దానికంటె విశాలమైనది 2016లో వేరొకటియు వెలువడినవి. రెండవది 2017 ఏప్రిలు 19వ తేదినుండి అమలునకు వచ్చినది. ప్రభుత్వ విద్యాలయములలోను, ప్రభుత్వ సహాయముపొందు విద్యాలయములలోను ఉన్నతవిద్యకు నూటికి 5 స్థానములు వైకల్యము నూటికి 40 పాళ్లకు తగ్గని వారి కీయవలెనని దాని 32వ సెక్షను శాసించుచున్నది. ప్రభుత్వోద్యోగములలో నూటికి 4 వారికే యుంచవలెనని 34వ సెక్షను చెప్పుచున్నది. కాబట్టి కన్నులులేని యువకుడు న్యాయకళాశాలలో ప్రవేశింపగలడు, పట్టమును పొందగలడు, సర్కారు కొలువు దొరకినచో దానియందు కుదురుకొనగలడు. కాని యీ రెండు ద్వారముల నడుమ న్యాయవాదవృత్తి యను విశాలమైన బయలు గలదు. అచ్చట వానికి నీడ యేది?

ఈ ప్రశ్నకు చట్టమునందు సమాధానము దొరకకుండుటకు కారణము స్పష్టము. ఉద్యోగికి యజమాని యుండును. వైకల్యముగల ఉద్యోగికి తగిన సదుపాయములను సర్కారు యజమాని కల్పించితీరవలెనని 2016 చట్టపు 20వ సెక్షను విధించుచున్నది. వకీలునకు యజమాని లేడు. కక్షిదారు యజమాని కాడు. జడ్జి యజమాని కాడు. సీనియరు కొంతవరకు గురువేగాని జీతమిచ్చు దొర కాడు. యజమాని లేనిచోట సదుపాయము కల్పించు బాధ్యత యెవరిదని యడిగినచో కోర్టువారు బార్ కౌన్సిలును చూపుదురు, బార్ కౌన్సిలువారు ప్రభుత్వమును చూపుదురు, ప్రభుత్వమువారు చట్టపుస్తకమును చూపుదురు. స్వతంత్రవృత్తి యను గౌరవపదమే వికలాంగుని పాలిట అనాథత్వమై పరిణమించుచున్నది.

ఈ వృత్తిలో ప్రవేశించు విధమును మన పాఠకులలో పెక్కురు స్వయముగా నెరుగుదురు. సన్నదు పొందినంతమాత్రమున ఎవడును వకీలు కాజాలడు. పేరుగల సీనియరు నాశ్రయించి, కట్టలు మోసి, దస్తావేజులు చదివి సారాంశము వ్రాసియిచ్చి, ఒక కోర్టునుండి మరియొక కోర్టునకు పరుగెత్తి వాయిదాలడిగి, ఫైలింగు గదివద్ద నిలుచుండి, బెంచి గుమాస్తాతో పరిచయము చేసికొని, నాలుగైదేండ్లు గడపిన పిమ్మటగాని కక్షిదారు ముఖము కనబడదు. ఈ శిష్యరికమునకు వ్రాతమూలకమైన నియమములు లేవు, ప్రకటనలు లేవు, పరీక్షలు లేవు. అంతయు సీనియరు మనస్సుమీద నాధారపడినది. ఒక అంధయువకుడు వచ్చి నిలుచున్నపుడు ఆ పెద్దమనిషి కఠినముగా మాటాడకపోవచ్చును. కాఫీ యిప్పించి, జాలిపడి, 'ఏదైన పరీక్షకు కూర్చుండరాదా నాయనా' యని హితవుచెప్పి పంపివేయును. ఇట్టి హితవచనములు పదిచోట్ల విన్నవాడు పదునొకండవ గుమ్మ మెక్కడు. చట్టము నిషేధింపని చోటికి వానిని పోనీయకుండ ఆపుచున్నది ఈ మర్యాదయే.

ఇంతకుముందు ఇది ఒక వృత్తికి సంబంధించిన చిన్నసమస్యగా నుండెను. 2025 నాటి రెండు తీర్పులు దీనిని పెద్దసమస్యగ మార్చినవి. సివిలు జడ్జి పదవులకు చూపు కొంతమాత్రమే లోపించినవారు చాలును, అంతకు మించినవారు పనికిరారను మద్రాసు ప్రభుత్వపు నిబంధనను సుప్రీముకోర్టు 2019లో సమర్థించియుండెను. ఆ తీర్పు 2016 చట్టపు భావమునకు సరిపడదని అదే న్యాయస్థానము 2021లో వికాస్‌కుమార్ వ్యాజ్యమున స్పష్టపరచినది. తుదకు 2025 మార్చి 3వ తేదీన, ఒక అంధాభ్యర్థి తల్లి వ్రాసిన లేఖను వ్యాజ్యముగా స్వీకరించి, చూపులేనివారిని న్యాయసేవనుండి బహిష్కరించిన మధ్యప్రదేశపు నియమమును జస్టిసు పార్దివాలా, జస్టిసు మహాదేవన్ గార్ల ధర్మాసనము కొట్టివేసినది. కన్నులు లేవను కారణమున నెవ్వరిని న్యాయాధికారపదవి కనర్హులనరాదని ప్రకటించినది. దేశమంతయు సంతోషించినది, మేమును సంతోషించినాము.

తరువాత మూడుమాసములైనను నిండకమునుపే, మే 20వ తేదీన, సుప్రీముకోర్టులోని వేరొక ధర్మాసనము సివిలు జడ్జి పరీక్షకు కూర్చుండువారు కనీసము మూడేండ్లు న్యాయవాదులుగా పనిచేసియుండవలెనని తీర్పిచ్చెను. కోర్టు తీరుతెన్నులెరుగని పసివాడు తీర్పులు చెప్పరాదను ఆ యుద్దేశ్యమును మేము తప్పుపట్టజాలము. కాని రెండు తీర్పులను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. మొదటిది అంధునితో 'నీవు జడ్జివి కావచ్చును' అనుచున్నది. రెండవది 'మూడేండ్లు వకాలతు చేసిరమ్ము' అనుచున్నది. ఎవని కార్యాలయమున చేయవలెను? ఏ కట్టలు చదివి చేయవలెను? ఏ మెట్లెక్కి చేయవలెను? వృత్తిలో చోటులేనివానికి పదవిలో చోటిచ్చితిమనుట, ఓడ నెక్కనీయక ఆవలియొడ్డున ఇల్లు వ్రాసియిచ్చినట్లున్నది. ఆ నియమమున వికలాంగులకు సడలింపు కల్పింపవచ్చును, కల్పించుట మంచిది. కాని సడలింపు పరీక్షకు మార్గమేగాని వృత్తికి మార్గము కాదు. అందరును జడ్జీలు కాబోరు. కావలసినది వకాలతు చేయగల అవకాశము.

వారు చేయగలరా యని సంశయించువారున్నారు. జనకమహారాజు సభకు అష్టావక్రుడు వచ్చినపుడు ఆతని వంకరలు చూచి సభాసదులు నవ్విరనియు, పండితసభ యనుకొని వచ్చితిని గాని ఇది తోలుబేరగాండ్ర సభ యని యెరుగనైతినని ఆతడు బదులు పలికెననియు మనము పిల్లలకు కథగా చెప్పుచున్నాము. ఆ సభలో వాదమున గెలిచినవాడును ఆతడే. పురాణము చాలదనువారికి చరిత్ర గలదు. 18వ శతాబ్దమున లండనునగరపు బోస్ట్రీటు న్యాయస్థానమున సర్ జాన్ ఫీల్డింగు అంధుడై యుండియు పాతికసంవత్సరములు మేజిస్ట్రేటుగా పనిచేసెను. దక్షిణాఫ్రికాలో మన భారతసంతతివాడైన జాక్ యాకూబు పసితనముననే చూపు కోల్పోయి, డర్బనులో న్యాయవాదియై, వర్ణవివక్ష చట్టముల నెదిరించినవారి పక్షమున వాదించి, 1998 మొదలు 2013 వరకు ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానమున న్యాయమూర్తిగా నుండెను. మన ఢిల్లీలోనే అంధుడైన సంతోష్‌కుమార్ రుంగ్టాగారు సీనియరు అడ్వకేటు హోదా నందిరి. జాతీయ అంధసమాఖ్య పక్షమున సాగిన పోరాటఫలముగా 2013లో సుప్రీముకోర్టు, వికలాంగుల ఉద్యోగభాగమును మొత్తము ఖాళీలనుబట్టి లెక్కింపవలెనని తీర్పుచెప్పినది. 2023 సెప్టెంబరులో వినికిడిలేని సారా సన్నీ యను యువతి సంజ్ఞాభాషానువాదకుని సాయముతో సుప్రీముకోర్టునెదుట హాజరై, ఆ కోర్టున వాదించిన తొలి బధిరన్యాయవాదిగా ప్రసిద్ధి కెక్కినది. చేయగలరా యను ప్రశ్నకు వీరు సమాధానము చెప్పియే యున్నారు. చేయనిత్తుమా యను ప్రశ్నకు మనము చెప్పవలసియున్నది.

ఇక అడ్డంకుల నొక్కొక్కటిగ చూతము. మొదటిది కట్టడము. మన జిల్లాకోర్టులలో పెక్కు పాతకాలపు భవనములు. ఎత్తైన అరుగులు, నిట్టనిలువు మెట్లు. చక్రపుకుర్చీలో వచ్చు వకీలు పై అంతస్తునందలి కోర్టునకు పోవలెనన్న నలుగురు మనుష్యులు మోయవలెను. కక్షిదారుల యెదుట మూటవలె మోయబడిన వకీలునకు ఆ కక్షిదారులు మరునాడు వకాల్తా యిత్తురా? ప్రభుత్వభవనములను సుగమముగా నొనర్చుటకు చట్టము నిర్ణయించిన అయిదేండ్ల గడువు 2022లోనే ముగిసినది. 2024 నవంబరు 8వ తేదీన రాజీవ్ రతూరీ వ్యాజ్యమున సుప్రీముకోర్టు, ఈ విషయమున ప్రభుత్వము చేసిన 15వ నియమము సలహాలే తప్ప శాసనము కాకుండుటచే చెల్లదని కొట్టివేసి, విధిగా పాటింపవలసిన ప్రమాణములను మూడుమాసములలో నేర్పరచుమని ఆజ్ఞాపించినది. ఆ తీర్పునకు ఆధారమైన పరిశోధననివేదికను సిద్ధపరచినది హైదరాబాదులోని నల్సార్ విశ్వవిద్యాలయపు వికలాంగాధ్యయన కేంద్రమని మనము గర్వింపవచ్చును. కాని దేశమునకు దారిచూపిన నివేదిక మన యూరి కోర్టు మెట్లవద్ద ఆగిపోయినచో ఆ గర్వమున కర్థముండదు.

రెండవది కాగితము. అంధుడైన న్యాయవాది నేడు ఒకరి కన్నులమీద సంపూర్ణముగ నాధారపడ నక్కరలేదు. కంప్యూటరు తెరమీది యక్షరములను గట్టిగా చదివి వినిపించు సాధనములు వచ్చినవి. ఎన్‌.వి.డి.ఏ. యనునది ఉచితముగనే లభించుచున్నది. అయితే ఆ సాధనము చదువగలిగినది అక్షరములనే గాని బొమ్మలను గాదు. కాగితమును ఫోటోతీసి దాఖలుచేసిన అర్జీ, మీద ముద్రలు గ్రుద్దిన తీర్పు దానికి వట్టి తెల్లకాగితముతో సమానము. తెలుగుసీమలో ఈ కష్టము రెట్టింపు. క్రిందికోర్టులలోని వాఙ్మూలములు, పంచనామాలు, దస్తావేజులు తెలుగున నుండును. టైపుచేయువారు పెక్కురు యూనికోడు విడిచి, ముద్రణాలయములలో నలవాటైన 'అను' వంటి అక్షరములను వాడుదురు. కంటికవి తెలుగే, చదువుయంత్రమునకు మాత్రము అర్థములేని ఆంగ్లపు గుర్తులు. తెలుగు చదివిన వకీలునకు తెలుగు దస్తావేజు మూగదగుచున్నది. దీనిని సవరించుటకు కోట్ల ధనము అక్కరలేదు. దాఖలగు ప్రతి కాగితమును యూనికోడు అక్షరములలో నుండవలెనని, పాతవాటికి చదువదగిన ప్రతిని కోరినవారి కీయవలెనని 2019 జనవరి 1 మొదలు వేరువేరుగ నడచుచున్న అమరావతి, హైదరాబాదు హైకోర్టులు రెండును ఒక్కొక్క ఉత్తరువు చేసిన చాలును.

కోర్టులను యంత్రములతో సంస్కరించుటకు ధనము లేదనుమాట చెల్లదు. ఈ-కోర్టుల మూడవదశకు 2023లో కేంద్రప్రభుత్వము 7,210 కోట్ల రూపాయలు మంజూరు చేసినది. అందులో వికలాంగుల సదుపాయములకని ప్రత్యేకించినది 27 కోట్ల 54 లక్షలు. నూరురూపాయలలో నలువది పైసలైనను గాదు. 2015లో ప్రధానమంత్రి వికలాంగులను దివ్యాంగులని పిలువవలెనని సూచించిరి. పేరు గొప్పదే. దివ్యత్వమునకు నలువది పైసలు తక్కువగదా యని యడుగుటకు మాకు సంకోచము లేదు.

మూడవ అడ్డంకి ఖర్చు. చదివి వినిపించువానికి, సంజ్ఞాభాషానువాదకునికి, ఇంటినుండి కోర్టువరకు బండికి నెలనెల సొమ్ము కావలెను. ఇతర జూనియరు లెవ్వరికిని లేని యీ ఖర్చు సంపాదన లేని తొలియేండ్లలోనే మీదబడుచున్నది. బ్రిటనులో 1994 నుండి 'యాక్సెస్ టు వర్క్' అను పథకము గలదు. వైకల్యమువలన పనిలో గలుగు అదనపు వ్యయమును ప్రభుత్వము భరించును. జీతగాండ్రకే గాక స్వతంత్రవృత్తులవారికిని అది వర్తించును. యజమాని లేనిచోట సదుపాయ మెవరు కల్పింతురను ప్రశ్నకు ఇది సూటియైన జవాబు. మనకిది అసాధ్యము కాదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2019లో నూతనన్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల సాయమిచ్చు 'లా నేస్తం' పథకమును ప్రారంభించియుండెను. సీనియర్లు తమ జూనియర్లకు పట్టణములలో నెలకు 20,000, పల్లెప్రాంతములలో 15,000 రూపాయలకు తగ్గకుండ ఇచ్చుట మంచిదని భారత బార్ కౌన్సిలు 2024 అక్టోబరులో సలహా యిచ్చినది. ఇట్టి సాయములు ఇయ్యదగినవే యని యొప్పుకొన్న తరువాత, వికలాంగుని అదనపు ఖర్చును మాత్రము వాని తలిదండ్రుల నెత్తిన వదలుట న్యాయము కాదు.

బార్ కౌన్సిళ్లకు అధికారము లేదను వాదమును ముందుగనే త్రోసివేయవలసియున్నది. 1961 నాటి న్యాయవాదుల చట్టపు 6వ సెక్షను, బీదలును వికలాంగులునైన న్యాయవాదుల క్షేమమునకు నిధుల నేర్పరచు అధికారమును వారి కిచ్చుచున్నది. ఆ పదమును రోగముచే మంచముపట్టిన వకీలునకు మందుల కిచ్చు దానమని యర్థము చేసికొనుట సులభము. లేచి పనిచేయదలచిన వకీలునకు కావలసిన పనిముట్టని యర్థము చేసికొనుట ధర్మము. తమ పట్టికలలో వికలాంగులైన వకీళ్లెందరో లెక్కతీసి ప్రకటించుటయు, వారిని జూనియర్లుగ స్వీకరించుటకు సిద్ధపడు సీనియర్ల పేర్లను జిల్లావారీగ సేకరించుటయు రెండురాష్ట్రముల బార్ కౌన్సిళ్ల తొలివిధి కావలెను.

నాలుగవది అన్నింటికంటె ముఖ్యము, అది పని. దేశములో అందరికంటె పెద్ద కక్షిదారు ప్రభుత్వమే. గవర్నమెంటు ప్లీడర్లు, సహాయప్లీడర్లు, బ్యాంకులకు, మునిసిపాలిటీలకు, విద్యుత్సంస్థలకు, విశ్వవిద్యాలయములకు స్టాండింగు కౌన్సిళ్లు, ఇన్ని జాబితాలు ప్రభుత్వముచేతులలోనో దాని సంస్థల చేతులలోనో యున్నవి. ఇవి ఉద్యోగములు కావు గనుక నూటికి నాలుగు వర్తింపదని చెప్పుట చట్టప్రకారము చెల్లవచ్చును. చట్టము బలవంతపెట్టనిచోట ప్రభుత్వము మంచిపని చేయరాదని ఏ చట్టమునందును లేదు. తన జాబితాలలో నూటికి నాలుగుచోట్లు అర్హులైన వికలాంగ న్యాయవాదులకిత్తునని ఒక్క రాష్ట్రప్రభుత్వము ప్రకటించినను చాలును. సీనియర్ల గుమ్మములు వాటంతట నవి తెరచుకొనును. హైకోర్టు న్యాయమూర్తులకడ పనిచేయు లా క్లర్కుల విషయమునను ఇట్లే చేయవలెను. ఆ యనుభవమును మూడేండ్ల వకాలతులో లెక్కింపవచ్చునని మే 20 నాటి తీర్పే చెప్పియున్నందున దానివలన ఫలము రెండింతలు.

న్యాయసేవాధికార సంస్థల సంగతియు నిచ్చట చెప్పవలెను. 1987 చట్టపు 12వ సెక్షను ప్రకారము వికలాంగునికి ఉచితముగా వకీలు నిచ్చుట వారి విధి. ఇది మెచ్చదగినది. కాని ఆ సెక్షనులోని వికలాంగు డెప్పుడును సాయముకోరి బల్లకు ఈవల నిలుచున్నవాడే. బల్లకు ఆవల కూర్చుండి సాయము చేయువాడును వికలాంగుడు కావచ్చును గదా! పింఛనుకొరకు, ధ్రువపత్రముకొరకు కాళ్లరుగ తిరిగిన మనుష్యుని గోడు అదే త్రోవ నడచిన వకీలునకు తెలిసినంతగా వేరొకరికి తెలియదు. ఈ సంస్థల ప్యానెళ్లలో వికలాంగ న్యాయవాదులకు నియతమైన భాగము ప్రతి జిల్లాలోను ఉండవలెను.

మా పాఠకులలో భూస్వాములును, వర్తకులును గలరు. వారితో ఒక మాట. జాత్యంధునికిని, పుట్టుచెవిటికిని పిత్రార్జితమున భాగములేదని పూర్వపు హిందూధర్మశాస్త్రము నిషేధించియుండెను. మితాక్షర ననుసరించువారి విషయమున ఆ నిషేధమును 1928 నాటి చట్టము చాలవరకు తొలగించెను. ఏ వ్యాధిగాని, అంగలోపముగాని వారసత్వమున కడ్డుకాదని 1956 హిందూ వారసత్వచట్టపు 28వ సెక్షను స్థిరపరచెను. ఆ మార్పువలన వంశములు చెడలేదు, పొలములు బీడుపడలేదు. పొలములో భాగమిచ్చితిమి, పనిలో భాగమీయుటకు వెనుదీయుదుమా? సరిహద్దు తగవో, వీలునామా తగవో వచ్చినపుడు వకీలునకు చట్టము తెలియునా, శ్రద్ధ గలదా, మాట నిలుపుకొనునా యని యడుగుడు. ఆతడెట్లు నడచును, ఎట్లు చదువును అని యడుగకుడు. కక్షిదారు విశ్వాసము చూపనిచోట సుప్రీముకోర్టు తీర్పులు నూరువచ్చినను వకీలు గుమ్మమున దీపము వెలుగదు.

న్యాయవాదవృత్తి కూటికొరకైన వృత్తిమాత్రమే కాదు. రాజేంద్రప్రసాదుగారు ఆ వృత్తినుండియే ప్రజాసేవకు వచ్చిరి. 1921లో ప్రకాశం పంతులుగారు కోర్టు విడిచి 'స్వరాజ్య' పత్రికను స్థాపించిరి. గుంటూరు కొండా వెంకటప్పయ్యగారును వకీలే. ఈ దేశమున ప్రజానాయకత్వమునకు బారు ఒక పాఠశాలయైనది. ఆ పాఠశాలనుండి ఒక తరగతి ప్రజలను దూరముంచుట వారి కూడు తీయుటయే గాదు. శాసనసభలలోను, న్యాయపీఠములమీదను, ప్రజాజీవితమునందును వారి గొంతు వినబడకుండ చేయుట. వకాలతును త్యజించి దేశమునకు పూజ్యులైనవారి జన్మదినమున, వకాలతు చేయనిండని వేడుకొనువారు గుమ్మమువెలుపల నిలుచుండుట మనకు తగదు.

హైకోర్టులు కాగితమును సరిచేయవలెను. ప్రభుత్వములు మెట్లను సరిచేసి పని పంచియీయవలెను. బార్ కౌన్సిళ్లు ఖర్చును భరింపవలెను. సీనియర్లు తలుపు తీయవలెను. ఈ నాలుగింటిలో దయాధర్మములతో పనియైనది ఒక్కటియు లేదు. వచ్చు డిసెంబరు 3వ తేదీన బారు సభయు వికలాంగుల సభయు ఒకే మందిరమున జరుగునుగాక. ఆ సభలో సన్మానపత్రములు చదువుటకు మారుగా, ఆ యేడు ప్రతి జిల్లాలో ఎందరు వికలాంగులు జూనియర్లుగా చేరిరో, ఎందరికి వకాల్తాలు దొరకెనో లెక్క చదువవలెనని మా కోరిక.